అష్టా చెమ్మాలో అష్టా పడే సంభావ్యత 1/5 అంటున్నాడు మావాడు. కాదని ఎలా చూపించాలి?

తెనాలి అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి టెన్త్, తెలుగు మీడియం. నేను బీకాం చేశాను. జమాఖర్చుల లెక్కలు వచ్చు గానీ ఈ సంభావ్యత నాకు పెద్దగా తెలీదు.

మొన్న వాడి స్లిప్ టెస్ట్ పేపరు చూశాను. రెండు నాణేలను ఒకేసారి ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత ఎంత అని ప్రశ్న. వాడు 2/3 అని రాశాడు. ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 3/4 వేశారు. ఎందుకు తప్పో ఒక్క ముక్క రాయలేదు. వాడేమో ఒప్పుకోడు. "రెండూ బొమ్మలు పడొచ్చు, రెండూ బొరుసులు పడొచ్చు, లేకపోతే ఒకటి అదీ ఒకటి ఇదీ పడొచ్చు. జరిగేవి మూడే కదమ్మా. అందులో రెండింట్లో బొమ్మ ఉంది. 2/3 కాక ఇంకేమవుతుంది?" అంటాడు. వింటే నాకూ సబబుగానే ఉంది. అదే నా టెన్షన్.

అక్కడితో ఆగలేదు. మా అత్తగారు సెలవు రోజున పిల్లల్ని కూర్చోబెట్టి అష్టా చెమ్మా ఆడిస్తారు. మావాడు అదే లెక్క గవ్వలకూ పెట్టాడు. నాలుగు గవ్వలు వేస్తే పడేవి ఒకటి, రెండు, మూడు, చెమ్మా (నాలుగు), అష్టా (ఎనిమిది), అంతే కాబట్టి అష్టా పడే సంభావ్యత 1/5 అని నోట్సు వెనక అట్ట మీద రాసుకున్నాడు. అత్తగారు విని, "అష్టా అంత తేలిగ్గా పడితే ఇంక ఆటెందుకురా" అన్నారు. ఆవిడ బడికి వెళ్ళింది తక్కువే గానీ ఆవిడన్నదే నిజమని నాకు తోస్తోంది. కాగితం మీద చూపించడమే రావడం లేదు.

పుస్తకంలో పర్యవసానం, ఘటన, ప్రాథమిక ఘటన, సమసంభవ ఘటనలు, పరస్పర వర్జిత ఘటనలు, పూరక ఘటన అని బోలెడు పదాలున్నాయి. నిర్వచనాలు అడిగితే గడగడా చెబుతాడు. ఏది ఎక్కడ పనికొస్తుందో మాత్రం వాడికీ తెలీదు, నాకూ తెలీదు. ఎవరైనా కాస్త విడమర్చి చెప్పగలరా?

బ్యాక్‌బెంచ్ బ్యాచ్:

మేడమ్, సింపుల్. అనుకూల పర్యవసానాల సంఖ్యని మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించాలి. నాణేలైతే మొత్తం 2 అని ఎన్ని నాణేలుంటే అన్నిసార్లు గుణించాలి. పాచికలైతే అలాగే 6. పేకముక్కలు 52, ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను తలో 13, బొమ్మ ముక్కలు 12. ఇవి గుర్తుంటే మార్కులు వచ్చేస్తాయి. టెన్త్‌లో ఇది దాటి అడగరు. ఎక్కువ ఆలోచిస్తే లేనిపోని కన్‌ఫ్యూజన్.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

అమ్మా, నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక చేసుకుని చదవండి.

ముందు మీవాడిని మెచ్చుకోండి. జవాబు తప్పే, కానీ దానికి కారణం చెప్పగలిగాడు. 3/4 అని రైటు రాసి, ఎందుకురా అంటే నేల చూపులు చూసే పిల్లలే నా క్లాసుల్లో ఎక్కువ. పైగా ఈ 2/3 దగ్గర ఆగిపోయింది మీవాడొక్కడే కాదు. ఫ్రాన్సులో దలంబేర్ అని గొప్ప గణితవేత్త ఉండేవాడు. 1754లో అప్పటి పేరుమోసిన విజ్ఞాన సర్వస్వంలో బొమ్మాబొరుసుల గురించి ఒక వ్యాసం రాస్తూ, ఒక నాణేన్ని రెండుసార్లు వేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే పని అయిపోయింది, రెండోసారి వేయక్కర్లేదు. కాబట్టి మొదటే బొమ్మ, లేదా బొరుసు తర్వాత బొమ్మ, లేదా రెండూ బొరుసులు. మూడు దారుల్లో రెండు మనవి. ఇదీ ఆయన వాదన. దారి కొంచెం వేరు, చేరిన ఊరు మీవాడిదే.

బ్యాక్‌బెంచ్ గారు ఇచ్చిన సూత్రం సరైనదే. కానీ దానికో షరతు ఉంది. ఆ షరతు చెప్పకుండా సూత్రం ఒక్కటే చేతిలో పెడితే, మీవాడు రాసిన 2/3 కూడా సూత్రం ప్రకారం రైటే అయిపోతుంది. అనుకూలం రెండు, మొత్తం మూడు. ఎక్కడ పట్టుకుంటారు చెప్పండి? ఆ షరతు పేరే సమసంభవం. కింద రాసే మొత్తంలో లెక్కపెట్టినవన్నీ ఒకదానికొకటి సమానంగా పడే వీలున్నవై ఉండాలి. లెక్కపెట్టే ముందే ఆ మాట అడగాలి. మా పిల్లలకు ఇది అలవాటు చేయడానికి నాకు చాలా కాలం పట్టేది, ఎందుకంటే పరీక్ష పేపర్లో ఆ పని ముందే చేసిపెడతారు. "నిష్పాక్షికమైన నాణెం", "బాగా కలిపిన పేకముక్కలు", "ఒకే పరిమాణం గల బంతులు" అని ప్రశ్నలో ఉంటుంది చూశారా, అవి ఊరికే రాసినవి కావు. పిల్లలు వాటి మీదుగా దూకేసి అంకెల దగ్గర దిగుతారు.

ఇప్పుడు నాణేలు. ఒకే రకం నాణేలు రెండు కాకుండా ఒక రూపాయి, ఒక అయిదు రూపాయలు తీసుకోండి. రూపాయి బొమ్మ పడి అయిదు బొరుసు పడటం ఒకటి. రూపాయి బొరుసు పడి అయిదు బొమ్మ పడటం ఇంకొకటి. మీవాడు ఈ రెండిటినీ కలిపేసి "ఒకటి అదీ ఒకటి ఇదీ" అని ఒక్క గీత పెట్టాడు. రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు కూడా కలిపితే మొత్తం నాలుగు. కనీసం ఒక బొమ్మ ఉన్నవి మూడు. 3/4 వచ్చింది.

దీనికి తెలివైన పిల్లలు ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. "నాణేలు వేరువేరైతే సరే మాస్టారూ, రెండూ రూపాయి బిళ్ళలే అయితే?" అని. మనకు తేడా కనపడకపోయినా బిళ్ళలు రెండే కదా. మన కళ్ళను బట్టి అవి పడే తీరు మారదు. నమ్మకపోతే ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి, ఒక సాయంత్రం వాడి చేత రెండు రూపాయి బిళ్ళలు వేయిస్తూ గీతలు పెట్టించండి. "ఒకటి అదీ ఒకటి ఇదీ" గడి మిగతా వాటికి దాదాపు రెట్టింపు నిండుతుంది. మీరు ఏమీ చెప్పక్కర్లేదు.

ఇక గవ్వలు. పదాలన్నీ ఇక్కడే చెబుతాను, ఎందుకంటే మీవాడి చిక్కు అసలు పదాల దగ్గరే ఉంది.

గవ్వలు విసరడం యాదృచ్ఛిక ప్రయోగం. ఏమేమి పడొచ్చో ముందే తెలుసు, ఈసారి ఏది పడుతుందో తెలియదు. రెండూ ఉంటేనే ఆ పేరు. ఇప్పుడు నాలుగు గవ్వల మీద ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులతో తలో చుక్క పెట్టండి. ఒక్కో గవ్వ వెల్లకిలా పడొచ్చు, బోర్లా పడొచ్చు. నాలుగూ కలిసి రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు రకాలుగా పడొచ్చు. ఈ పదహారులో ప్రతిదీ ఒక పర్యవసానం. "ఎరుపు వెల్లకిలా, మిగతా మూడూ బోర్లా" అన్నది ఒక పర్యవసానం. పదహారింటి పూర్తి జాబితా శాంపిల్ ఆవరణ.

మరి ఆటలో "ఒకటి పడింది" అంటామే, అదేమిటి? ఎరుపొక్కటే వెల్లకిలా పడినా ఒకటే, నీలమొక్కటే పడినా ఒకటే, పసుపైనా ఆకుపచ్చైనా ఒకటే. నాలుగు పర్యవసానాలను ఒక మూట కట్టి దానికి "ఒకటి" అని పేరు పెట్టాం. ఆ మూట పేరే ఘటన. మీవాడు అట్ట మీద రాసుకున్న అయిదూ పర్యవసానాలు కావు, అయిదు ఘటనలు. మూటల్ని లెక్కపెట్టి కింద 5 వేశాడు, ఏ మూటలో ఎన్నున్నాయో విప్పి చూడలేదు. విప్పితే ఇలా ఉంటుంది. ఒకటిలో నాలుగు. రెండులో ఆరు (ఎరుపు-నీలం, ఎరుపు-పసుపు, ఎరుపు-ఆకుపచ్చ, నీలం-పసుపు, నీలం-ఆకుపచ్చ, పసుపు-ఆకుపచ్చ). మూడులో మళ్ళీ నాలుగు, ఏదో ఒకటి బోర్లా పడాలి కాబట్టి. చెమ్మాలో ఒక్కటే, నాలుగూ వెల్లకిలా. అష్టాలో కూడా ఒక్కటే, నాలుగూ బోర్లా. 4, 6, 4, 1, 1 కూడితే 16. అష్టా పడే సంభావ్యత 1/16. మీ అత్తగారు లెక్క వేయకుండానే సరిగ్గా చెప్పారు. ఒకే పర్యవసానం ఉన్న ఘటనను ప్రాథమిక ఘటన అంటారు. ఈ అయిదింట్లో చెమ్మా, అష్టా మాత్రమే అలాంటివి.

నాలుగు గవ్వలతో అయిదు పడటం అసంభవ ఘటన, సంభావ్యత 0. ఒకటి నుంచి ఎనిమిది లోపల ఏదో ఒకటి పడటం ఖచ్చిత ఘటన, సంభావ్యత 1. జవాబు ఎప్పుడూ ఈ రెండిటి మధ్యే. 7/5 వచ్చిందంటే ఎక్కడో తలకిందులుగా భాగించాడని అర్థం.

ఇంతటితో ఆపొచ్చు గానీ, గవ్వల విషయంలో ఇంకో మెలిక ఉంది. పైన 1/16 అన్నది ఒక్కో గవ్వ వెల్లకిలా పడటం, బోర్లా పడటం సమానమే అనుకుంటే. గవ్వ నాణెం లాంటిది కాదు. ఒకవైపు ఉబ్బు, ఇంకోవైపు నోరు. కొన్ని గవ్వలు ఒకవైపుకే మొగ్గుతాయి. గవ్వలు దొరక్క చింతగింజలు ఒకవైపు అరగదీసి ఆడేవాళ్ళం మేము. అవైతే అరగదీసిన దాన్ని బట్టి మారిపోతాయి. మాట వరసకు, ఒక్కో గవ్వా అయిదింట్లో రెండుసార్లే వెల్లకిలా పడుతుందనుకోండి. అప్పుడు చెమ్మా సంభావ్యత 2/5ని నాలుగుసార్లు గుణిస్తే 16/625. అష్టా 3/5ని నాలుగుసార్లు గుణిస్తే 81/625. గవ్వలో తేడా చిన్నదే, కానీ అష్టా చెమ్మాకు అయిదు రెట్లయింది. ఇలాంటి చోట జాబితా రాసి లెక్కపెడితే జవాబు రాదు. గవ్వను చాలాసార్లు వేసి, వెల్లకిలా పడినవి ఎన్ని, మొత్తం ఎన్ని అని చూడాలి. దాన్ని ప్రయోగాత్మక సంభావ్యత అంటారు. జాబితాతో వచ్చేది సైద్ధాంతిక సంభావ్యత. పాఠం మొదట్లోనే ఈ రెండూ ఉంటాయి. చాలా బళ్ళలో ఆ పేజీలు చదువుకోమని వదిలేస్తారు, నాకది నచ్చదు.

చాలాసార్లు అంటే ఎన్నిసార్లు? వెనకటికి కొందరు ఓపిక ఉన్నవాళ్ళు వేసి చూశారు. ఫ్రాన్సులో బఫన్ అనే ఆయన నాణెం 4040 సార్లు వేస్తే 2048 బొమ్మలు పడ్డాయి. ఇంగ్లండులో కార్ల్ పియర్సన్ అనే గణాంకవేత్త 24,000 సార్లు వేస్తే 12,012. కెరిచ్ అనే గణితవేత్త రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉండిపోయాడు. చేసేదేముంది, కూర్చుని 10,000 సార్లు నాణెం వేశాడు. 5067 బొమ్మలు. సరిగ్గా సగం ఎవరికీ రాలేదు, సగానికి దూరంగానూ ఎవరికీ రాలేదు. పదిసార్లు వేస్తే ఏడు బొమ్మలు పడటం మామూలే. పదివేల సార్లలో ఏడువేలు పడితే మాత్రం ఆ నాణేన్ని అనుమానించాలి.

తెనాలి అమ్మ:

మాస్టారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. ఆ మూట విప్పడం అన్న మాటతో వాడికి టక్కున వెలిగింది. అట్ట మీద 1/5 కొట్టేసి పక్కన పదహారు వరసలూ వేసుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ గవ్వల మీద స్కెచ్ పెన్ను చుక్కలు పెట్టినందుకు ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది, అది వేరే సంగతి.

ఇంకో రెండు సందేహాలండీ. పరస్పర వర్జిత ఘటనలు, పూరక ఘటనలు, ఈ రెండూ నాకు ఒకేలా కనిపిస్తున్నాయి. రెండూ ఒకేసారి జరగనివే కదా? తేడా ఎక్కడ?

రెండోది. మా ఆడపడుచు కూతురు ఆడుతుంటే వరసగా అయిదు వంతులు చెమ్మా గానీ అష్టా గానీ పడలేదు. మా వైపు ఆ రెండిట్లో ఒకటి పడితేనే కాయ దిగుతుంది. "అయిదుసార్లు పడలేదు కాబట్టి ఈసారి గ్యారంటీగా పడుతుంది" అని ఆ పిల్ల పందెం కాసింది. మావాడు "పడే అవకాశం పెరిగి ఉంటుంది గానీ గ్యారంటీ కాదు" అన్నాడు. ఎవరు రైటు?

వాల్తేరు స్టాట్స్:

అక్కా, రెండో సందేహం నేను తీసుకుంటాను, మొదటిది మాస్టారికి వదిలేస్తా. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్.

ఇద్దరూ రైటు కాదు. ఆరోసారి పడే అవకాశం మొదటిసారి ఎంతో అంతే. చెమ్మా 1/16, అష్టా 1/16, కలిపి 2/16, అంటే 1/8. ఇంతకు ముందు ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు. ఇలా ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద లేని వాటిని స్వతంత్ర ఘటనలు అంటారు. ఇంటర్‌లో వివరంగా వస్తుంది. క్రికెట్‌లో కూడా ఇదే గోల. వరసగా నాలుగు టాసులు ఓడిపోయాడు కాబట్టి ఈసారి మనదే అంటారు కామెంటరీలో.

కానీ పాప విసుక్కోవడంలో న్యాయం లేకపోలేదు, అసలు సరదా లెక్క అక్కడుంది. ఒక వంతులో కాయ దిగకపోయే సంభావ్యత 7/8. అయిదు వంతులూ దిగకపోవాలంటే 7/8ని అయిదుసార్లు గుణించాలి. 16807/32768 వస్తుంది. సగం కంటే కొంచెం ఎక్కువ! అంటే అయిదు వంతులయ్యాక కూడా కాయ బయటే ఉండటం వింతేమీ కాదు, సగానికి పైగా అదే జరుగుతుంది. ఆరో వంతు కూడా చేరిస్తేనే సగం కిందికి, దాదాపు 0.45కి దిగుతుంది. "ఆరు వంతుల్లో కనీసం ఒకసారి పడటం" ముందుగా అడిగితే అవకాశం సగం కంటే ఎక్కువ. "అయిదుసార్లు పడలేదు, ఆరోసారి పడుతుందా" అని మధ్యలో అడిగితే 1/8. పాప రెండో ప్రశ్న అడిగి మొదటి ప్రశ్నకు జవాబు ఊహించుకుంది.

మాస్టారు దలంబేర్ గురించి చెప్పారు కాబట్టి, ఇటలీ కథ ఒకటి. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికి ఆరు జట్లున్నాయి, 10 రావడానికీ ఆరే. కానీ జూదం ఆడేవాళ్ళకు 10 కాస్త ఎక్కువగా పడుతున్నట్టు అనుభవం. పదిహేడో శతాబ్దం మొదట్లో గెలీలియోను అడిగితే ఆయన జట్లను విప్పి లెక్కపెట్టాడు. మొత్తం 216 పర్యవసానాల్లో 9కి 25, 10కి 27. ఉదాహరణకు 3-3-3 ఒకే రకంగా పడుతుంది, 4-3-3 మూడు రకాలుగా పడుతుంది. మీ బాబు గవ్వల మూటలాంటిదే. 216లో 2 తేడాను అనుభవంతో కనిపెట్టిన ఆ జూదగాళ్ళు ఎంతసేపు ఆడి ఉంటారో అనిపిస్తుంది నాకు.

భారతం ఇష్టం:

జూదం అంటే నాకు నలుడి కథ గుర్తొస్తుంది. ఋతుపర్ణుడు రథం మీద పోతూ తానిచెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మక చెట్టు కొట్టి లెక్కపెడితే సరిపోతాయి. అప్పుడు ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల విద్య నేర్చుకుని, బదులుగా అశ్వహృదయం, అంటే గుర్రాల విద్య ఇస్తాడు. ఆ రోజుల్లో పాచికలుగా తానికాయలే వాడేవారట కదా. మనవాళ్ళకు ఈ లెక్కలన్నీ ముందే తెలుసేమో?

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

భారతం గారూ, కథ నాకూ ఇష్టమే. ఒక చిన్న కొమ్మ చూసి చెట్టంతా అంచనా కట్టాడనుకుంటే అది శాంప్లింగ్ అవుతుంది, సంభావ్యతకు పక్కింటి చుట్టం. అంతకు మించి కథలో లెక్క కట్టే పద్ధతి ఏమీ లేదు కాబట్టి, తెలుసు అనీ అనలేను, తెలియదు అనీ అనలేను. మన పాఠంలో ఉన్న సంభావ్యత లెక్కగా నిలబడింది 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఫ్రెంచి గణితవేత్తలు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలతో. వాళ్ళు చర్చించిందీ జూదమే, ఆట మధ్యలో ఆగిపోతే పందెం డబ్బు ఎలా పంచాలని.

అమ్మా, మీ మొదటి సందేహం. గవ్వలు ఒక్కసారి వేస్తే చెమ్మా, అష్టా రెండూ కలిసి పడవు. కాబట్టి అవి పరస్పర వర్జితాలు. కానీ చెమ్మా పడలేదంటే అష్టా పడిందని చెప్పగలరా? రెండు పడి ఉండొచ్చు, మూడు పడి ఉండొచ్చు. కాబట్టి అవి పూరకాలు కావు. అష్టాకు పూరక ఘటన "అష్టా పడకపోవడం". ఒకటి జరగకపోతే రెండోది జరిగి తీరాలి, అది పూరకం. పూరక ఘటనలన్నీ పరస్పర వర్జితాలే. పరస్పర వర్జితాలన్నీ పూరకాలు కావు. పూరక ఘటనల సంభావ్యతలు కూడితే 1 వస్తుంది. అష్టా 1/16 కాబట్టి అష్టా పడకపోవడం 15/16.

ఇది ఎందుకు పనికొస్తుందంటే, ప్రశ్నలో "కనీసం ఒకటి" అన్న మాట కనపడగానే పూరకం వైపు నుంచి రావాలి. మూడు నాణేలు వేస్తే కనీసం ఒక బొమ్మ? ఒక్క బొమ్మా పడకపోవడం అంటే మూడూ బొరుసులు, 1/8. 1లోంచి తీసేస్తే 7/8. జాబితా అంతా రాయక్కర్లేదు. వాల్తేరు అమ్మాయి పైన కాయ దిగే లెక్క వేసిందీ ఇటు నుంచే.

పరస్పర వర్జితం అవునో కాదో చూడకుండా కూడితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ. పాచిక వేస్తే సరి సంఖ్య గానీ ప్రధాన సంఖ్య గానీ పడే సంభావ్యత ఎంత? సరి సంఖ్యలు 2, 4, 6, కాబట్టి 3/6. ప్రధాన సంఖ్యలు 2, 3, 5, కాబట్టి 3/6. కూడితే 1. అంటే తప్పకుండా జరుగుతుందని. మరి 1 పడితే? అది సరీ కాదు, ప్రధానమూ కాదు. ఎక్కడ తేడా వచ్చిందో వెతకమనండి మీవాడిని. 2 రెండు జాబితాల్లోనూ ఉంది, రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. అసలు జవాబు 5/6. ఈ ఒక్క లెక్క చేయిస్తే నిర్వచనం మళ్ళీ చదవక్కర్లేదు.

టెన్త్ బి సెక్షన్:

సార్ నమస్తే. నేను కూడా టెన్త్. మా సార్ ఇచ్చిన బిట్: లీపు సంవత్సరంలో 53 ఆదివారాలు వచ్చే సంభావ్యత ఎంత? జవాబు 2/7 అని ఉంది. నాకు 53/366 వచ్చింది. ఎలా సార్?

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

బాబూ, 53/366 అనేది వేరే ప్రశ్నకు జవాబు. 53 ఆదివారాలున్న లీపు సంవత్సరంలో కళ్ళు మూసుకుని ఒక తేదీ మీద వేలు పెడితే అది ఆదివారం అయ్యే సంభావ్యత. నిన్ను అడిగింది అది కాదు. ప్రయోగం ఏమిటో, ఏది యాదృచ్ఛికమో ముందు చూసుకోవాలి. ఇక్కడ యాదృచ్ఛికంగా తీసుకున్నది తేదీని కాదు, సంవత్సరాన్ని.

366 రోజుల్లో 52 పూర్తి వారాలు పోగా రెండు రోజులు మిగులుతాయి. 52 ఆదివారాలు ఎలాగూ ఉంటాయి. మిగిలిన రెండూ పక్కపక్క రోజులు. ఆది-సోమ, సోమ-మంగళ, మంగళ-బుధ, బుధ-గురు, గురు-శుక్ర, శుక్ర-శని, శని-ఆది. ఏడు జతలు. ఆదివారం ఉన్నవి మొదటిదీ చివరిదీ. అందుకే 2/7. మామూలు సంవత్సరంలో ఒక్క రోజే మిగులుతుంది కాబట్టి 1/7.

ఇప్పుడు పైన అందరినీ అడగమన్న ప్రశ్న ఇక్కడా అడుగు. ఈ ఏడు జతలూ సమసంభవాలేనా? నిజానికి కావు. మన క్యాలెండరు 400 ఏళ్ళకోసారి వారాలతో సహా మొదటికి వస్తుంది. ఆ 400 ఏళ్ళలో లీపు సంవత్సరాలు 97. వంద కాదు, ఎందుకంటే 1900, 2100 లాంటివి లీపు కావు. 97ని ఏడు సమాన భాగాలు చేయలేం కదా. ఆదివారం మొదలయ్యే లీపు సంవత్సరాలు 15 వస్తాయి, శనివారం మొదలయ్యేవి 13. ఈ రెండు రకాల్లోనే 53 ఆదివారాలుంటాయి. 2000లోనూ 2012లోనూ అలా వచ్చాయి, 2024లో రాలేదు, మళ్ళీ 2028లో వస్తాయి. మొత్తం 28. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలంటే 28/97. 2/7కి చాలా దగ్గర, మూడో దశాంశ స్థానంలో గానీ తేడా తెలియదు.

పరీక్షలో 2/7 అనే రాయి. 28/97 వేస్తే దిద్దేవాళ్ళు కొట్టేస్తారు.